రికోటా లేని లజానియా, పలిగిన పాల చరిత్ర

టైటిల్ చూసి ఇది వంటల ఛానెలా అని డౌట్ వచ్చి ఉంటుంది. కాదు, మనది హిస్టరీయే. కాకపోతే ఈసారి కోటలో కాకుండా మా ఇంటి వంటగదిలో మొదలైంది.

పోయిన నెల మా చెల్లె బర్త్‌డే. "అన్నా, ఈసారి కేక్ వద్దు, లజానియా చేసిపెట్టు" అంది. లజానియా అంటే తెలుసు కదా, వెడల్పాటి పాస్తా రేకులు, మధ్యలో కూర, సాస్, చీజ్, పొరలు పొరలుగా పేర్చి కాల్చే ఇటలీ వంట. గార్ఫీల్డ్ పిల్లి తింటూ ఉంటుంది చూడండి, అదే. సరే అని ఫోన్‌లో రెసిపీ తెరిచాను. మొదటి లైన్‌లోనే దెబ్బ. అర కిలో రికోటా చీజ్ కావాలట.

హన్మకొండ చౌరస్తా నుంచి మొదలుపెట్టి కాజీపేట దాకా తిరిగాను. చీజ్ స్లైసులు ఉన్నాయి, పిజ్జా చీజ్ ఉంది, పనీర్ ఎక్కడపడితే అక్కడ ఉంది. రికోటా మాత్రం లేదు. ఒక షాపాయన "కోటలు ఖిలా వరంగల్‌లో ఉంటయి తమ్మీ" అని జోక్ కూడా వేశాడు. చివరికి ఒక యాప్‌లో కనిపించింది. 200 గ్రాముల డబ్బా. దాని ధర చూస్తే, మా అమ్మకు నాలుగు లీటర్ల బర్రె పాలకు వచ్చే పైసల కంటే ఎక్కువ. పైగా మా పిన్‌కోడ్‌కి డెలివరీ లేదు.

ఇంటికొచ్చి అమ్మకు ఫోన్‌లో ఫొటో చూపించాను. అమ్మ కళ్లద్దాలు సర్దుకొని చూసి ఒకే మాట అంది. "గిదేంది కొడకా, పలిగిన పాలే గదా!"

ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ మాట గురించే.

నేను సాఫ్ట్‌వేర్ మానేసి రెండేళ్లయినా ఒక అలవాటు మాత్రం పోలేదు. ఏదైనా ప్రోగ్రామ్ "ఫలానా లైబ్రరీ లేకపోతే నేను నడవను" అని మొండికేస్తే, ముందు అడిగే ప్రశ్న ఒకటే. ఇది నిజంగా అవసరమా, లేక రాసినవాడి సిస్టమ్‌లో ఉంది కాబట్టి పెట్టేశాడా? లజానియాకి కూడా అదే ప్రశ్న వేశాను. రికోటా ఎప్పుడొచ్చింది, ఎవరు పెట్టారు?

ముందు అసలు రికోటా ఏంటో చూద్దాం. ఇటాలియన్‌లో ఆ మాటకు అర్థం "మళ్లీ కాచింది" అని. గొర్రె పాలతోనో, ఆవు పాలతోనో చీజ్ చేశాక కింద పచ్చటి నీళ్లు మిగులుతాయి. మనం పనీర్ చేసినప్పుడు పారబోస్తాం చూడండి, అలాంటి విరుగుడు నీళ్లే. పాలలో ఉండే ప్రొటీన్‌లో దాదాపు 80 శాతం కేసీన్, అది చీజ్‌లోకి వెళ్లిపోతుంది. మిగతా 20 శాతం ఆ నీళ్లలో ఉండిపోతుంది. ఆ నీళ్లను మళ్లీ 80 డిగ్రీలు దాటేలా కాచితే, ఉండిపోయిన ప్రొటీన్ తెల్లటి మెత్తటి తరకల్లా పైకి తేలుతుంది. దాన్ని తీసి వడకడితే రికోటా. అంటే ఇది దర్జా వంటకం కాదు ఫ్రెండ్స్. గొర్రెలు కాచుకునేవాళ్లు, అసలు చీజ్‌ని అమ్మకానికి పెట్టి, మిగిలిన నీళ్లను కూడా పారబోయకుండా తీసుకున్న తిండి.

ఇప్పుడు లజానియా వయసు చూద్దాం. రోమన్ల కాలంలోనే "లాగనం" అనే పిండి రేకు ఉండేది, లజానియా పేరు దాన్నుంచే వచ్చిందని చాలామంది అంటారు. కానీ కాగితం మీద మనకు స్పష్టంగా దొరికే పాత రెసిపీల్లో ఒకటి సుమారు 1300 నాటిది. నేపుల్స్ రాజుల ఆస్థానంతో ముడిపడిన "లిబెర్ దె కొక్వీనా" అనే లాటిన్ వంటల పుస్తకంలో ఉంది. పులిసిన పిండిని పల్చగా ఒత్తాలి, మూడు వేళ్ల వెడల్పు ముక్కలు కోయాలి, ఉడికించాలి, పొరకొక్కసారి తురిమిన చీజ్, మసాలా పొడి చల్లాలి, సూదిలాంటి కట్టెపుల్లతో గుచ్చుకొని తినాలి. అంతే. రికోటా లేదు. టమాటా కూడా లేదు. టమాటా అమెరికా ఖండం నుంచి యూరప్‌కి వచ్చింది 16వ శతాబ్దంలో కదా.

1300 అంటే ఓరుగల్లులో ఎవరున్నారు? ప్రతాపరుద్రుడు. 1289 నుంచి 1323 దాకా ఆయన పాలనే. అక్కడ నేపుల్స్‌లో ఒక వంటవాడు పిండి రేకులు పేరుస్తున్న రోజుల్లో, ఇక్కడ మన కీర్తి తోరణాలు ఇంకా చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాయి.

ఇంకో కనెక్షన్ చెప్తాను, ఇది నాకు భలే నచ్చింది. మార్కో పోలో తెలుసు కదా. మన మోటుపల్లి గురించి రాసిన వెనిస్ వ్యాపారి. 1244 ప్రాంతంలో గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించిన రేవు అది. ఆ రాజ్యాన్ని ఒక రాణి న్యాయంగా పాలించిందని మార్కో పోలో చెప్పాడు. ఆమె రుద్రమదేవే అని చరిత్రకారులు అంటారు. 1298లో జెనోవా జైల్లో ఉండి ఆయన తన ప్రయాణాలు చెబుతుంటే తోటి ఖైదీ రాసుకున్నాడు. ఆ పుస్తకానికి 16వ శతాబ్దంలో వచ్చిన ఒక ఇటాలియన్ ప్రతిలో, సుమత్రా దీవి దగ్గర ఒక మాట ఉంది. అక్కడివాళ్లు చెట్టు బోదెలోంచి పిండి తీస్తారు, దాంతో లజానియాలు చేస్తారు, నేను చాలాసార్లు తిన్నాను అని. చెట్టు బోదెలోంచి తీసే ఆ పిండే సాగో. మనం సగ్గుబియ్యం అనే మాట ఆ సాగో నుంచే వచ్చింది.

చూడండి, గోధుమ పిండి లేని చోట చేసిన పిండి రేకును కూడా ఆ ఇటలీ ప్రతిలో లజానియా అనే అన్నారు. "ఇది అసలైనది కాదు" అని ఎవరూ మూతి తిప్పలేదు.

మరి రికోటా ఎక్కడ దూరింది? ఇటలీ ఒక్కటిగా కనిపిస్తుంది కానీ, వంటల్లో ఉత్తరం వేరు, దక్షిణం వేరు. మనకు తెలంగాణ పులుసు, గుంటూరు కారం, రాయలసీమ సంగటి ఉన్నట్టే. ఉత్తరాన బొలోన్యా వైపు లజానియాలో మాంసం రాగూ, పాలు-వెన్న-మైదాతో చేసే బెషమెల్ అనే తెల్ల సాస్, పర్మేజాన్ చీజ్. రికోటా ఉండదు. ఆ బొలోన్యావాళ్లు తమ రాగూ రెసిపీని 1982లో వాళ్ల ఊరి ఛాంబర్ ఆఫ్ కామర్స్‌లో రిజిస్టర్ కూడా చేయించారు, అంత పట్టింపు. అలాంటివాళ్లే రికోటా లేకుండా చేస్తున్నారు. దక్షిణాన నేపుల్స్‌లో మాత్రం, క్రైస్తవుల ఉపవాసాల ముందు వచ్చే కార్నివాల్ పండుగకి చేసే లజానియాలో రికోటా, చిన్న మాంసం ఉండలు, టమాటా సాస్ దండిగా ఉంటాయి. అక్కడి చివరి రాజు రెండో ఫ్రాన్సిస్‌కి ఈ వంటంటే ఎంత పిచ్చంటే, వాళ్ల నాన్న ముద్దుగా "లజా" అని పిలిచేవాడట.

ఇక్కడి నుంచి కథ ఓడెక్కుతుంది. 1880 నుంచి 1920 మధ్య నలభై లక్షల మందికి పైగా ఇటాలియన్లు అమెరికా వెళ్లారు. ఎక్కువమంది దక్షిణ ఇటలీ పేదలు. భూమి లేక, పని లేక పోయినవాళ్లు. వాళ్లతో పాటు నేపుల్స్ లజానియా, రికోటా న్యూయార్క్ చేరాయి. అక్కడి నుంచి అమెరికా వంటల పుస్తకాల్లోకి, టీవీల్లోకి, చివరికి మన ఫోన్‌లోకి. నేను హన్మకొండలో తెరిచిన రెసిపీలో అర కిలో రికోటా ఎందుకుందంటే, నూరేళ్ల కింద బతుకుదెరువుకి ఊరు విడిచినవాళ్ల ఇంటి గుర్తు అది.

అమెరికాలో కూడా రికోటా దొరకని ఊళ్లు బోలెడు. అక్కడి అమ్మలు కాటేజ్ చీజ్ వేసి కానిచ్చేశారు. దాన్నీ లజానియా అనే అన్నారు. మనవాళ్లు డాలస్‌లో, న్యూజెర్సీలో సంక్రాంతికి సకినాలు చేస్తారు కదా. కొత్త బియ్యం నానబెట్టి పిండి పట్టించడం అక్కడ ఎక్కడ కుదురుతుంది? ప్యాకెట్ పిండితో చేస్తారు, కొంచెం గట్టిగా వస్తాయి, అయినా అవి సకినాలే. పండుగ పూట వాట్సాప్‌లో ఫొటో వస్తే మనం "అబ్బ, సకినాలు" అంటాం కానీ "ఇవి అసలైనవి కావు" అనం కదా.

సరే, ఇప్పుడు అమ్మ మాట దగ్గరికి వద్దాం. పలిగిన పాలు.

కోస్తా వైపు పాలు విరిగాయి అంటారు, మా దిక్కు పలిగినయ్ అంటరు. రెండిట్లోనూ ఏదో ముక్కలైన బాధ ఉంది. కొమ్మ విరుగుతుంది, మనసు విరుగుతుంది, పాలు కూడా విరుగుతాయి. గృహప్రవేశంలో పాలు పొంగాలని చూస్తాం, విరిగితే అందరి మొహాలు మాడిపోతాయి. మన దేశంలో పాలు కావాలని విరగ్గొట్టడం అనేది పోర్చుగీసువాళ్లు వచ్చాకే, బెంగాల్లో మొదలైందని చాలాకాలం చెప్పుకున్నారు.

కానీ ఒక పాత పుస్తకం ఆ మాటకు అడ్డం తిరుగుతుంది. పేరు మానసోల్లాసం. రాయించింది కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు, సుమారు 1129లో, సంస్కృతంలో. రాజుకు తెలియాల్సిన సమస్త విషయాలూ అందులో ఉన్నాయి, వంటలతో సహా. కాచిన పాలలో పులుపు వేసి విరగ్గొట్టి, బట్టలో వడకట్టి, బియ్యప్పిండి కలిపి, ఉండలు చేసి వేయించి, చక్కెర పట్టించే మిఠాయి అందులో ఉంది. పోర్చుగీసు ఓడ మన తీరానికి రావడానికి దాదాపు 370 ఏళ్ల ముందు!

ఆ సోమేశ్వరుడు మనకెవరో తెలుసా? అప్పట్లో హన్మకొండను ఏలుతున్న కాకతీయ రెండో ప్రోలుడు ఆ కల్యాణి చాళుక్యుల సామంతుడే. ప్రోలుడి కొడుకు రుద్రదేవుడు 1163లో వేయిస్తంభాల గుడి శాసనంతో స్వతంత్రుడయ్యాడు. అంటే, మా హన్మకొండకు పైరాజుగా ఉన్నాయన వంటింట్లో 900 ఏళ్ల కిందే పాలు కావాలని విరగ్గొట్టారు. నేనేమో అదే హన్మకొండలో పలిగిన పాల డబ్బా కోసం యాప్‌లో వెతుకుతున్నా.

ఇంకోటి, మన జున్ను. బర్రె ఈనిన మొదటి రోజుల్లో వచ్చే ముర్రుపాలలో బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద ఉడికిస్తే గడ్డకడుతుంది. పులుపు వేయం, తోడు వేయం, ఉత్త వేడికే గడ్డ ఎలా కడుతుంది? ముర్రుపాలలో, దూడకు రోగాలు రాకుండా కాపాడే ప్రొటీన్లు విపరీతంగా ఉంటాయి. అవి విరుగుడు నీళ్లలో ఉండే రకం ప్రొటీన్లు. వేడి తగిలితే బిగుసుకుంటాయి. రికోటా తరకలు పైకి తేలేది కూడా సరిగ్గా ఇందుకే. కాబట్టి సైన్స్ ప్రకారం రికోటాకి పనీర్ కంటే మన జున్నే దగ్గరి చుట్టం.

బర్రె సంగతి కూడా చెప్పాలి. నేపుల్స్ చుట్టూ ఉన్న కంపానియా ప్రాంతంలో మొజరెల్లా చీజ్ చేసేది బర్రె పాలతోనే. ఆ మిగిలిన నీళ్లతో బర్రె రికోటా చేస్తారు, దానికి 2010లో యూరప్ వాళ్ల డీఓపీ గుర్తింపు కూడా వచ్చింది, మన పూతరేకులకు జీఐ ట్యాగ్ వచ్చినట్టు. ఆ బర్రెలు ఎక్కడివి? నదీ జాతి బర్రెలను మొదట మచ్చిక చేసుకుంది మన భారత ఉపఖండంలో. ఇటలీ బర్రెలూ, మా కొట్టంలో ఉన్న బర్రెలూ ఒకే జాతి.

మరి ఇన్ని ఉండి కూడా మన దగ్గర చీజ్ ఎందుకు పెరగలేదు? దీనికి నాకు తోచిన సమాధానం మా ఇంట్లోనే ఉంది. మన ఎండలకు పాలు నిలవవు. పెరుగు, చల్ల, వెన్న, నెయ్యి, ఇవన్నీ పాలను కాపాడుకునే దారులు. తర్వాత పాలు అమ్మకానికి వెళ్లాయి. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలయ్యాక పాల కేంద్రాలు, క్యాన్లు, ఫ్యాట్ మిషన్లు ఊళ్లకు వచ్చాయి. పాలంటే తాగేది అనే లెక్క పోయి, పదిహేను రోజులకోసారి వచ్చే బిల్లు అయింది. ఆ లెక్కలో పలిగిన పాలంటే సున్నా.

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు, ఏప్రిల్ నెల. అప్పుడు అమ్మ ఒక ప్రైవేటు కేంద్రానికి పాలు పోసేది. ఓ పొద్దున పాల బండి రాలేదు. పదింటి దాకా చూశాం, పదకొండు దాకా చూశాం. ఏడు లీటర్లు. పొయ్యి మీద పెడితే అన్నీ పలిగినయ్. అమ్మ పాత చీరముక్కలో వడకట్టి, చక్కెర వేసి, దగ్గరికి అయ్యేదాకా కలిపి, "ఇయ్యాల మిఠాయి తినుర్రి" అని నాకూ చెల్లెకూ గిన్నెల్లో పెట్టింది. చెల్లె గిన్నె నాకింది. నేను ఇంకా కావాలని అడిగాను. బాపు ఏం మాట్లాడలేదు. ఆ పదిహేను రోజుల బిల్లులోంచే నా పరీక్ష ఫీజు కట్టాల్సి ఉందని, తక్కువ పడితే అమ్మ పక్కింట్లో చేబదులు తెచ్చిందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ మిఠాయి రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. కానీ అమ్మ ఆ రోజు తినలేదన్న సంగతి ఈ ఎపిసోడ్ కోసం అడిగితే గానీ గుర్తు రాలేదు.

అందుకే పాల చరిత్రలో రాజుల కంటే నాకు ములుకనూరు ముఖ్యం. హన్మకొండ నుంచి హుస్నాబాద్ వైపు వెళ్తే వస్తుంది. 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి గారు అక్కడ రైతుల సహకార బ్యాంకు పెట్టారు. తర్వాత అదే ములుకనూరులో, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఆడవాళ్లు సొంతంగా డెయిరీ పెట్టుకున్నారు. 2002లో పాల సేకరణ మొదలైంది. సభ్యులు ఆడవాళ్లే, బోర్డులో కూర్చునేదీ ఆడవాళ్లే. "స్వకృషి" అనే పేరుతో వాళ్ల పాలు, పెరుగు మా వరంగల్ షాపుల్లో దొరుకుతాయి. పాలు పితికేది ఆడవాళ్లు, బిల్లు మీద పేరు మాత్రం మగవాళ్లది అన్న పద్ధతిని వాళ్లు మార్చారు. బండి రాకపోతే ఎవరిని అడగాలో తెలియని మా అమ్మ పరిస్థితికీ, "బండి మాదే" అనగలిగే పరిస్థితికీ ఎంత తేడా ఉందో ఆలోచించండి.

సరే, చెల్లె లజానియా ఏమైంది? చేశాం. రెండు లీటర్ల బర్రె పాలు కాచి, పొయ్యి ఆపి రెండు నిమిషాలాగి, నీళ్లు కలిపిన నిమ్మరసం కొంచెం కొంచెంగా పోసింది అమ్మ. పనీర్‌లాగా బరువు పెట్టి నొక్కొద్దు ఫ్రెండ్స్, పల్చటి బట్టలో పది నిమిషాలు వడకట్టి, తడిగా, మెత్తగా ఉన్నప్పుడే తీసేయాలి. మాకు సుమారు 400 గ్రాములు వచ్చింది. అందులో ఉప్పు, మిరియాల పొడి, రెండు చెంచాల మీగడ. రికోటా పని అదే చేస్తుంది. అది కూడా వద్దనుకుంటే బొలోన్యా దారి ఉంది. 50 గ్రాముల వెన్న, 50 గ్రాముల మైదా, అర లీటరు పాలు, ఉండలు కట్టకుండా కలిపితే తెల్ల సాస్ రెడీ.

రేకులకి వంద గ్రాముల మైదాకి ఒక గుడ్డు లెక్కన కలిపి, చపాతీ కర్రతో ఒత్తాం. ఆ పిండి తడపడానికి వడకట్టిన నీళ్లే కొంచెం వాడాం, మిగతావి పప్పులో పోశాం. ఓవెన్ లేదు. మందపాటి గిన్నెలో రాళ్లుప్పు పరిచి, పది నిమిషాలు వేడి చేసి, స్టాండ్ మీద గిన్నె పెట్టి, మూతేసి నలభై నిమిషాలు. మధ్య పొరల్లో కోడి కీమా. మసాలా అమ్మది, అందుకని వాసన సగం నేపుల్స్, సగం మా ఊరు.

చెల్లె రెండుసార్లు వేయించుకుంది. అమ్మ ఒక ముక్క తిని, "మంచిగనే ఉంది, కానీ గింత పని ఎందుకు వెట్టుకుంటర్రా వాళ్లు" అంది. ఈసారి మాత్రం పలిగిన పాలు అమ్మ కూడా తింది.

నేను ఈ నెలంతా చదివి తెలుసుకున్నది చిన్న విషయం. 1300 నాటి లజానియాలో టమాటా లేదు, మార్కో పోలో తిన్నదాంట్లో గోధుమ లేదు, బొలోన్యా దాంట్లో రికోటా లేదు. ఎవరింట్లో ఏది ఉంటే దాంతో చేశారు, తర్వాత అదే "ఒరిజినల్" అయింది. కాబట్టి రెసిపీలో మన దగ్గర లేనిది కనిపిస్తే చిన్నబోకండి. అమ్మకు ఒకసారి ఫొటో చూపించండి.

తెలుగులో విరుగుడు అనే మాటకు రెండు అర్థాలున్నాయి. పాలు విరిగితే వచ్చేదీ విరుగుడే, విషానికి మందూ విరుగుడే. ఆ ఏప్రిల్ పొద్దున మా అమ్మ ఏడు లీటర్ల నష్టాన్ని గిన్నెలో మిఠాయిగా పెట్టినప్పుడు రెండు అర్థాలూ ఒక్కచోటే ఉన్నాయి, నాకే తెలియలేదు.

మీ ఇంట్లో పాలు పలిగితే ఏం చేస్తారో, మీ దిక్కు దాన్ని ఏమంటారో అమ్మమ్మలనీ నానమ్మలనీ అడిగి రాసి పెట్టుకోండి. అది కూడా చరిత్రే. మళ్లీ కలుద్దాం. ఉంటాను మరి.